తీసేసిన చెయ్యి

ప్రెస్సు మేడమీది గది,
మార్చి 3

బుజ్జికి,

ఈ ఉత్తరం చదువుతున్న నువ్వే దోషివి. తల తిప్పి వెనక ఎవరున్నారో చూడకు. నిన్నే అంటున్నాను.

ఫోను ఎత్తడం లేదు కనక రాస్తున్నాను. ఎత్తినా రాసేదాన్నే. ఫోనులో అయితే నువ్వు ఏడుస్తావు, నేను కరుగుతాను, చివరికి క్షమాపణ నా చేతే చెప్పిస్తావు. నలభై ఏళ్లుగా మన మధ్య జరుగుతున్న తంతు ఇదే. కాగితానికి చెవులు లేవు.

నీ దుకాణం తలుపు మీది నోటీసు ఫొటో నాకు చేరింది. మా బైండింగ్ ఆవిడ చెల్లెలు మీ వీధిలోనే ఉంటుందని మర్చిపోయినట్టున్నావు. "గత వారం విందులో కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. అందుకు కారణమైన చెయ్యిని మా వంటగదిలోంచి తీసేశాం. ఇక నిశ్చింతగా ఆరగించండి." ముప్ఫై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల తప్పులు దిద్ది బతుకుతున్నాను. ఒక్క అచ్చుతప్పు కూడా లేని అబద్ధం చూడటం ఇదే మొదలు.

అసౌకర్యం అన్నావు. ముప్ఫై నాలుగేళ్లు ఒక ఆఫీసు గేటు దగ్గర నిలబడ్డ వాచ్‌మన్ ఉద్యోగ విరమణ విందు అది. నీ దుకాణం నుంచి వెళ్లిన నిమ్మ ఉండలు తిని ముప్ఫై ఒక్కమంది వాంతులు చేసుకున్నారు. ఆ వాచ్‌మన్ తొమ్మిది రోజులు ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. పాపం, జీవితంలో మొదటిసారి పగటిపూట నడుం వాల్చింది అక్కడే కాబోలు. దీనికి నీ భాషలో పేరు అసౌకర్యం.

ఇక చెయ్యి. ఆ చేతికి ఒక మనిషి ఉందని నీ నోటీసులో లేదు. మీ ఆయనకి స్వయానా అక్క. నీకు వదిన, ఆ వరసన నాకూ వదినే. పదకొండేళ్లుగా మీ వంటింటి పక్క గదిలో ఉంటోంది. నిమ్మకాయ, నారింజకాయ పై రంగు మాత్రం ఊడేలా, కింది తెల్లపొర తగిలి చేదెక్కకుండా తురిమేది ఆవిడ. బిస్కెట్లు దంచేది, డబ్బా పాలు పోసి పిసికేది, ఉండలు చుట్టేది, ఫ్రిజ్‌లో వరసలు పేర్చేది ఆవిడ. పెట్టెకి రిబ్బను కట్టేది నువ్వు. బోర్డు మీద ఫొటో నీది. "పొయ్యి ఎక్కని మిఠాయి, ప్రతి పార్టీకీ సిద్ధం." ఎప్పుడడిగినా ఆవిడ పనిమనిషి కాదు, ఇంటి మనిషి అంటావు. పని చేయించుకునేటప్పుడు ఇంటి మనిషి, నింద పడేటప్పుడు చెయ్యి. మధ్యలో ఎక్కడా మనిషి కాలేదు.

నిన్ను ఒక్కదాన్నే అనడం లేదులే, సంతోషించు. పార్టీకి వెళ్లి పళ్లెంలోంచి ఒకటి తీసి నోట్లో వేసుకుని, "ఎంత బాగుంది, ఎక్కడ కొన్నారు" అని అడిగి, "ఎవరు చేశారు" అని అడగని ప్రతివాళ్లనీ అంటున్నాను. దుకాణం పేరు అడిగితే మర్యాద అనుకుంటారు. మనిషి పేరు అడిగితే ఎక్కడ బంధుత్వం కలుస్తుందోనని భయం.

ఒక్క ప్రశ్నకి జవాబు రాయి. వదిన ఇప్పుడు ఎక్కడుంది?

అక్క

*

దుకాణం ముందు గది,
మార్చి 19

పూజ్యురాలైన అక్కకి,

నమస్కారం. ఇక్కడ అందరం కులాసా. నీ మోకాలు ఎలా ఉంది? మేడ మెట్లు ఎక్కొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినవు. వినే అలవాటు మన ఇంట్లో నాకొక్కదానికే పెట్టారు.

నీ ఉత్తరం మీ మరిదిగారు కూడా చదివారు. "మీ అక్క ఉత్తరం రాసిందా, కరపత్రం అచ్చేసిందా" అని నవ్వారు. ఆయన సంగతి తెలుసు కదా, మనసులో ఏమీ ఉండదు.

వదిన గురించి నువ్వేమీ బెంగపెట్టుకోకు. తనంతట తనే వెళ్లింది. వాళ్ల పిన్నిగారింట్లో హాయిగా ఉంది. పదకొండేళ్లు చాకిరీ చేసిందంటున్నావు కదా, ఇప్పుడు విశ్రాంతి. నువ్వే సంతోషించాలి.

నీకు ఇక్కడి బాధలు తెలీవు. ఆహార తనిఖీ అధికారి రెండుసార్లు వచ్చాడు. సీసాలో నమూనాలు పట్టుకెళ్లాడు. ఏప్రిల్ ముప్ఫైలోగా బాధ్యులెవరో రాతపూర్వకంగా ఇమ్మన్నాడు. ఎవరో ఒకరి పేరు రాయాలి కదా. నా పేరు రాస్తే దుకాణం మూతపడుతుంది. మీ మరిదిగారికి పరువు. నీ పేరు రాయలేను కదా, నవ్వుకో. వదినకి దుకాణమా, పిల్లలా, పెళ్లి కావలసినవాళ్లా? ఒక్క సంతకం పెడితే పోయేదేముంది?

అందుకే ఒక చిన్న కాగితం రాశాను. నీకు దిద్దడం వచ్చు కనక కాస్త తప్పులు చూసి పంపు. భాష బాగుంటే అధికారి మెత్తబడతాడు. ఇదీ అది:

"నేను పై దుకాణంలో ఉండలు చుట్టే పని చేసేదాన్ని. నా వేళ్లకు పుండ్లు ఉన్న సంగతి యజమానికి చెప్పకుండా దాచిపెట్టాను. జరిగినదానికి పూర్తి బాధ్యత నాది. ఇకపై ఎక్కడా ఎవరికీ తినే వస్తువు నా చేత్తో చెయ్యనని హామీ ఇస్తున్నాను."

చివరి వాక్యం మీ మరిదిగారు చేర్చారు. అలా ఉంటే బలంగా ఉంటుందట.

దేవుడి దయవల్ల ఆర్డర్లు మళ్లీ వస్తున్నాయి. ఈ వారమే ఒక పుట్టినరోజు, ఒక ఆఫీసు పార్టీ. జనం మర్చిపోతారక్కా. నువ్వు కూడా కోపం దిగమింగు. ఈ ఉత్తరం తెచ్చే మనిషి చేతికి ఒక పెట్టె కూడా ఇచ్చి పంపుతున్నాను. చల్లగా తిను.

నీ
బుజ్జి

*

ప్రెస్సు మేడమీది గది,
మార్చి 27

మిఠాయి దుకాణం యజమానురాలికి,

పెట్టె అందింది. బైండింగ్ ఆవిడ ముందే విప్పాను. రిబ్బను చాలా అందంగా కట్టావు.

ఇరవై నాలుగు ఉండలు. తూకం వేసినట్టు అన్నీ ఒకే సైజు. ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాను. ఏదీ దొర్లలేదు. ప్రతిదానికీ ఒక పక్కన చిన్న చదును. చిన్నప్పుడు తలుపు సందులో పడి వదిన కుడి ఉంగరం వేలు వంగదు. అరచేతిలో ఉండ తిప్పుతుంటే ఆ వేలు దగ్గర నొక్కు పడుతుంది. పదకొండేళ్లుగా మీ ఇంటికి వచ్చినప్పుడల్లా చూస్తున్నాను. నువ్వు చూసి ఉండవు. నువ్వు పెట్టెనే చూస్తావు.

తీసేశానన్న చెయ్యిని పెట్టెలో పెట్టి నాకే పంపావు.

పిన్నిగారిల్లని రాయడానికి నీకు కలం ఎలా ఆడింది? ఊరందరి ముందూ ఆవిడ మీద బురద చల్లి, తలుపు మీద కాగితం అంటించి, ఆ కాగితం వెనకే ఆవిడ చేత ఉండలు చుట్టించుకుంటున్నావు. చెయ్యని నేరానికి శిక్ష వేసిన దుర్మార్గుల గురించి చదివాను. లేని నేరానికి శిక్ష వేసి, ఆ నేరం చేసిందంటున్న చేత్తోనే వ్యాపారం చేసుకునే తెలివి మాత్రం మన రక్తంలో ఉందని ఇవాళే తెలిసింది.

పుండ్లు దాచిందట. పుండ్లు ఎక్కణ్ణించి వచ్చాయి? రోజుకి రెండు వందల నిమ్మకాయలు తురుముపీట మీద గీస్తే వేళ్ల కొసలు తెగుతాయి. తెగిన చోట పులుపు దిగుతుంది. మానేలోగా రేపటి బుట్ట వస్తుంది. గ్లౌజులు ఇప్పించమని ఆవిడ రెండేళ్లు అడిగింది. గ్లౌజులు వేసుకుంటే నున్నగా రావన్నది ఎవరు? నేను నీ ఇంట్లో నీ సోఫాలో కూచుని విన్నాను. వ్యాపారం చేసిన గాయాన్ని కూలీ చేసిన నేరంగా రాయడం కొత్త విద్యేమీ కాదు. గనుల్లో చేశారు, మిల్లుల్లో చేశారు. నువ్వు వంటగదిలో చేశావు. సైజు చిన్నదైనంత మాత్రాన పాపం చిన్నది కాదు.

ఇక మీ ఆయన బలంగా చేర్చిన చివరి వాక్యం. ఎక్కడా ఎవరికీ తన చేత్తో చెయ్యనని హామీ. యాభై నాలుగేళ్ల మనిషికి వచ్చిన పని అదొక్కటి. రేపు నువ్వు వద్దంటే ఇంకో వంటగది గడప తొక్కలేదు. ఒక బడి, ఒక హాస్టలు, ఒక ఇల్లు, ఎవరూ గరిటె చేతికివ్వరు. ఆ సంతకం పెట్టిందంటే చచ్చేదాకా నీ వెనక గదే గతి. అధికారి కోసం రాసిన కాగితం కాదది. ఆవిణ్ణి కట్టేసుకోవడానికి పేనిన తాడు.

దిద్దమన్నావు కనక దిద్ది పంపుతున్నాను. ఎర్ర సిరా గుర్తు ఒకే ఒక్క చోట ఉంటుంది. కింద సంతకం ఎవరిదన్న చోట.

ఇట్లు,
దిద్దుబాటుదారు

*

దుకాణం ముందు గది,
ఏప్రిల్ 12

అక్కా,

పుణ్యం మూటగట్టుకుని కూచున్నావు, బాగుంది. మూట విప్పి చూద్దాం.

అవును, వదిన ఇక్కడే ఉంది. వెనక సందులో గోదాం గదిలో ఉంది. నేను రమ్మనలేదు. సంచీ పట్టుకుని వెళ్లిన మనిషి మూడో రోజుకల్లా తిరిగొచ్చి, "ఎక్కడికెళ్లను" అని గుమ్మంలో నిలబడింది. పెట్టుకున్నాను. పగలు తలుపు వేసుకుని చుడుతుంది. గ్లౌజులు కూడా ఇచ్చాను, నీ కడుపు చల్లగా. అయినా నొక్కు పడుతూనే ఉందన్నమాట. చెప్పాను ఆవిడకి, ఇప్పటినుంచి ఎడం చేత్తో చుట్టమని.

నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని మళ్లీ చదివాను. బిస్కెట్లు వచ్చాయి. డబ్బా పాలు వచ్చాయి. నిమ్మకాయ, నారింజకాయ, తెల్లపొర, తురుముపీట, గనులు, మిల్లులు అన్నీ వచ్చాయి. మనం అమ్మేది నిమ్మ కొబ్బరి ఉండలు. కొబ్బరి అన్న మాట ఒక్కసారి కూడా రాలేదేం? అక్షరం పోతే పట్టుకునేదానివి, బస్తాడు కొబ్బరి ఎలా జారవిడిచావు?

నేను గుర్తు చేస్తాను. ఇన్నేళ్లూ మేం ప్యాకెట్లో వచ్చే ఎండు కొబ్బరి పొడి వేశాం. ఒక్కరికీ కడుపు నొప్పి రాలేదు. కిందటి ఏడు డిసెంబరులో నువ్వు రాసిన ఉత్తరం నా బీరువాలో ఉంది. "ఫ్యాక్టరీ ప్యాకెట్ కొబ్బరి అంటే రంపపు పొట్టుకి చక్కెర పూసి అమ్మడమే. కంపెనీల చెత్త జనం నోట్లో కుక్కకు. కాయ కొట్టు, తాజాగా తురుము, మనుషులకి మనుషులు పెట్టినట్టు పెట్టు." నీ దస్తూరీయే. కింద రెండు గీతలు కూడా గీశావు.

ఎంతైనా అక్కవి, చదువుకున్నదానివి. కాయలు తెప్పించాను. వదిన ఏమందో తెలుసా? "అమ్మాయ్, పచ్చి కొబ్బరి పొయ్యి ఎక్కకపోతే పూటకే పులుస్తుంది. వేయించి ఇస్తాను, లేదా వద్దు" అంది. మన బోర్డు మీద పొయ్యి ఎక్కని మిఠాయి అని ఉంది కదా అన్నాను. "బోర్డు తినరు కదా" అంది. అప్పుడు నీ ఉత్తరం తీసి, రెండు గీతలతో సహా పైకి చదివి వినిపించాను. "మా అక్క నాలుగు పుస్తకాలు దిద్దిన మనిషి. నీకు ఆవిడకంటే ఎక్కువ తెలుసా?" అన్నాను. నోరు మూసుకుంది. మళ్లీ తెరవలేదు. ఆ నోరు మూయించింది నేను కాదక్కా. నీ రాత.

విందు రోజున పళ్లేలు పదకొండింటికి ఆరుబయట పెట్టారు. తిన్నది మూడింటికి. మధ్యలో ఉపన్యాసాలు. శ్రామికుడి గౌరవం గురించి ఒకాయన గంటన్నర మాట్లాడాడట. నువ్వుంటే చప్పట్లు కొట్టేదానివి.

నీకు ఇదంతా నోటీసు ఫొటో చూసినప్పుడే తెలుసు. తెలిసే నన్ను దోషివి అంటూ మొదలుపెట్టావు. నేను ఒక చెయ్యి తీసేశాను. నువ్వు ఒక మాటే తీసేశావు. మనిద్దరం ఒక తల్లి పిల్లలమే.

ఇప్పుడు చెప్పు. ఆ డిసెంబరు ఉత్తరం అధికారికి చూపించనా? మీ ప్రెస్సుకి ఒక కాపీ, మీ కార్మిక సంఘానికి ఒక కాపీ పంపనా? లేక ముప్ఫయ్యో తారీఖున వదిన సంతకం పెడుతుందా? నిన్ను ఏమీ చెయ్యమనడం లేదు. ఊరికే ఉండమంటున్నాను. జీవితంలో ఒక్కసారి ఊరికే ఉండు.

బుజ్జి

*

నీ దుకాణం వెనక సందు, టీ కొట్టు బల్ల,
ఏప్రిల్ 24

చెల్లికి,

నువ్వు రాసింది నిజం. ఫొటోలో నోటీసు చూడగానే నాకు ముందు గుర్తొచ్చింది వాచ్‌మన్ కాదు, వదిన కాదు. నా డిసెంబరు ఉత్తరం. అది నీ దగ్గర ఉందా, చింపేశావా అని. ఆ భయంలోంచే అంత కోపంగా రాశాను. నా కోపం అబద్ధం కాదు. కానీ దాని కింద నేను దాక్కున్నాను. కంపెనీల మీద ఎన్నేళ్లుగానో రాస్తున్నాను, జీవితంలో ఒక్క కొబ్బరికాయ కూడా నిలవ పెట్టి చూడలేదు. చేసేవాళ్లని అడగకుండా, చేసేవాళ్ల తరఫున మాట్లాడాను. ఇంతకంటే అందంగా రాయడం నాకు వచ్చు. రాయను.

అర్ధరోజు బస్సులో వచ్చి పొద్దున్నే తనిఖీ అధికారిని కలిశాను. డిసెంబరులో నీకు ఏం సలహా ఇచ్చానో రాసి, సంతకం చేసి ఇచ్చాను. ఒక కాపీ ప్రెస్సుకి, ఒకటి సంఘానికి నేనే పంపాను. నీకు తపాలా శ్రమ తప్పింది.

తరవాత వెనక సందులోకి వెళ్లాను. ఆ గదికి కిటికీ లేదు. ఫ్రిజ్ మోతకి గోడ అదురుతోంది. బిస్కెట్ పొడి బస్తాల మధ్య నూనె డబ్బా బోర్లించుకుని కూచుని ఉంది. ఎడం చేత్తో చుడుతోంది. చుట్టినవి చుట్టినట్టే విచ్చుకుపోతున్నాయి.

"ఏమ్మా, మోకాలు నొప్పి తగ్గిందా?" అంది నన్ను చూసి.

"వదినా, కొబ్బరి సంగతి నేనే రాశాను" అన్నాను.

"తెలుసు. చదివి వినిపించిందిగా. బాగా రాశావు. వింటుంటే నాకే కాయ కొట్టాలనిపించింది."

"మీరు గట్టిగా చెప్పి ఉండాల్సింది."

అనగానే నాలుక కరుచుకున్నాను. ఆవిడ చేతిలో ఉండ పళ్లెంలో పెట్టింది.

"చూశావా, ఇప్పుడు కూడా తప్పు నాదే అయింది" అంది.

ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. గ్లౌజు విప్పి వేళ్లు చూపించింది. లోపల చెమటకి నాని, తెగిన చోటల్లా తెల్లగా ఉబ్బాయి. "దీంతో కళ్లు తుడిపించుకోవాలని వచ్చావా? తుడిస్తే మండుతుంది, నిమ్మరసం" అంది.

క్షమించమన్నాను. "దానికి ఇప్పుడు తీరిక లేదు. సాయంత్రానికి ఆరు పెట్టెలు" అంది. మా ఊరు వచ్చెయ్యండి, నాతోనే ఉండండి అన్నాను. "నీ ఇంట్లో కూడా వంటింటి పక్కనే గది ఉంటుందిగా" అంది. ఉంది, వంటింటి పక్కనే.

కాగితం సంగతి అడిగాను. సంతకం పెట్టదట. "చెయ్యిని తీసేశామని వాళ్లే రాశారు. లేని చేత్తో సంతకం ఎలా పెడతాను?" అని, ఇంకో ఉండ ముట్టకుండా పళ్లెం పక్కకి నెట్టేసింది. ఈ ఆరు పెట్టెలూ రావు. ముందు గదిలో ఎదురుచూస్తున్న మీ ఆయనకి చెప్పు.

అప్పుడు ఆవిడ చెబుతుంటే ఈ షరతుల జాబితా రాశాను. ముందు రెండు పేజీల ఉపోద్ఘాతం చేరుస్తానన్నాను. "అది నీ కరపత్రంలో వేసుకో" అంది. శ్రమ విలువ గురించి ఒక్క వాక్యమైనా అన్నాను. "ఆ వాచ్‌మన్‌కి గంటన్నర చెప్పారుగా" అంది. అందుకే ఆవిడ మాటలు ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. ఒక్క అక్షరం దిద్దలేదు. ముప్ఫయ్యో తారీఖు దాకా గడువు. అప్పటిదాకా ఆవిడ ఏమీ చుట్టదు.

ఒకటి. తలుపు మీది కాగితం పీకెయ్యాలి. అదే చోట, అంతే పెద్ద అక్షరాలతో, "పచ్చి కొబ్బరి వద్దని చేసే మనిషి చెప్పింది, మేం వినలేదు" అని అంటించాలి.

రెండు. సంతకం పెట్టమన్న కాగితం చింపకూడదు. అధికారికి ఇచ్చి, ఎవరు రాశారో, చివరి వాక్యం ఎవరు చేర్చారో చెప్పాలి.

మూడు. ఇకనుంచి నేను ముందు తలుపులోంచి వస్తాను. ముందు తలుపులోంచి పోతాను.

నాలుగు. వంటగదిలో పొయ్యి పెట్టాలి. బోర్డు మార్చుకోండి.

అయిదు. ఏది వెయ్యాలో ఏది వెయ్యకూడదో నేను చెబుతాను. ఉత్తరాలు చదివి వినిపించకూడదు.

ఆరు. వాచ్‌మన్ ఇంకా గోడ పట్టుకునే నడుస్తున్నాడట. నన్ను వాళ్లింటికి తీసుకెళ్లాలి. వాళ్లావిడ ముందు నువ్వే నీ నోటితో చెప్పాలి, ఈవిడ వద్దంది, నేను నోరు మూయించాను అని.

ఏడు. మీ అక్క కూడా రావాలి. ఆవిడ మాట్లాడకూడదు.